మాట్లాడే బొమ్మ దవడ తాడు పదే పదే తెగుతోంది. ప్రోగ్రాం పెట్టెలో ఏది బాగుచేయాలి, ఏది పారేయాలి?

చింటూగాడి_బాస్
మా చింటూ వెంట్రిలాక్విజం బొమ్మ (మన పెదాలు కదపకుండా బొమ్మ మాట్లాడినట్టు చేసే ఆట), ఫైబర్ తల, పాతది, చేతులు మారి వచ్చింది. తల లోపల కర్ర, కర్రకి ఇత్తడి మీట, మీట నుంచి దవడకి నైలాన్ తాడు. మీట నొక్కితే నోరు తెరుచుకుంటుంది, వదిలితే రబ్బరు లాగి మూస్తుంది. ఇబ్బందులు రెండు. తాడు నాలుగు ప్రోగ్రాములకోసారి తెగుతోంది. రెండోది, నోరు పూర్తిగా మూసుకోవట్లేదు, మూడు మిల్లీమీటర్ల సందు ఉండిపోతోంది. ముందు వరసలో కూర్చునే పిల్లలు అది వెంటనే పట్టేస్తారు. వినాయక చవితి సీజన్ దగ్గరపడింది. ఎలాగూ విప్పాం కదా అని పెట్టె మొత్తం బయట పోశా: స్పాంజి బొమ్మ ఒకటి, మైకులు, వైర్లు, విగ్గులు, మ్యాజిక్ సామాను. ఏది రిపేరు చేసుకోవాలి, ఏది కళ్లు మూసుకుని పారెయ్యాలి?

కొయ్యతల
తాడు ఎక్కడ తెగుతోంది? మీట దగ్గరా, దవడ ముడి దగ్గరా, మధ్యలోనా? అది తేలకుండా ఏ తాడు వాడాలో చెప్పడం దండగ.

చింటూగాడి_బాస్
మధ్యలో. కర్ర పైన ఒక మర కొక్కెం ఉంది, తాడు అందులోంచి దవడ వైపు తిరుగుతుంది. ఎప్పుడూ అక్కడే తెగుతుంది.

కొయ్యతల
అయితే తాడుని తిట్టుకోకు. ఒకే చోట తెగిందంటే అక్కడ పదును ఉన్నట్టే. మర కొక్కేల కొస పూర్తిగా కలవదు, ఆ అతుకు దగ్గర రేకులా లేచి ఉంటుంది. దూది ముక్క తీసుకుని కొక్కెం లోపల చుట్టూ తిప్పు, ఎక్కడ పీచు పట్టుకుంటుందో అదే కత్తి.

కొక్కెం తీసేసి చిన్న కప్పీ పెడితే మంచిది. చోటు లేకపోతే అదే కొక్కేన్ని 400 నంబరు గరుకు కాగితంతో నున్నగా రుద్ది, తాడు తిరిగే చోట రెండంగుళాల టెఫ్లాన్ గొట్టం దూర్చి, దాని గుండా తాడు పంపు. గొట్టం వంపు మెత్తగా తిరగాలి, మడత పడకూడదు.

తాడు మాత్రం చేపల వేటకి వాడే అల్లిక దారం, 50 పౌండ్లది. గాజులా మెరిసే ఒంటిపోగు దారం వద్దు, అది సాగుతుంది, ముడి జారుతుంది. సాగిన తాడుతో మీట మొత్తం నొక్కినా నోరు సగమే తెరుచుకుంటుంది.

హాఫ్‌టికెట్
ముడి జారకుండా ఫెవిక్విక్ చుక్క వేస్తే చాలదా?

కొయ్యతల
వెయ్యకు. అల్లిక దారంలోకి ఫెవిక్విక్ ఇంకితే ఆ ముక్క పుల్లలా గట్టిపడుతుంది, గట్టి ముక్కా మెత్తటి ముక్కా కలిసే చోట పుటుక్కున విరుగుతుంది. ముడిని రెండుసార్లు తిప్పి బిగించి, కొస అర అంగుళం వదిలి, నెయిల్ పాలిష్ పూస్తే సరిపోతుంది.

సైకిల్‌షాపు
బ్రేకు వైరు లోపలి తీగ వాడొచ్చుగా? జన్మలో తెగదు.

కొయ్యతల
తెగదు, నిజమే. కానీ బిర్రుగా ఉంటుంది. చిన్న తలలో అంత ఇరుకు మలుపు తిరగాలంటే దాని బిరుసుకే దవడ వెనక్కి రాదు. నిలువుగా నేరుగా దిగే పెద్ద తలలకైతే పనికొస్తుంది.

కొండపల్లి_అల్లుడు
మూసుకోకపోవడం గురించి ఎవరూ మాట్లాడలేదు. తాడు మొత్తం విప్పెయ్. వేలితో దవడ కిందకి దించి వదులు. పూర్తిగా మూసుకుందా? మూసుకుంటే తాడు పొట్టిగా కట్టారు, లేదా మీట పూర్తిగా వెనక్కి రావట్లేదు. మూసుకోకపోతే మూడే కారణాలు: ఇరుసు పట్టేయడం, దవడ పక్కలు రాసుకోవడం, రబ్బరు చచ్చిపోవడం.

చింటూగాడి_బాస్
తాడు విప్పి చూశా. మెల్లగా పైకొచ్చి, అదే సందు దగ్గర ఆగుతోంది. వేలితో నొక్కినా మెత్తగా తగులుతోంది తప్ప పైకి పోవట్లేదు.

కొండపల్లి_అల్లుడు
మెత్తగా తగులుతోందా? అయితే నాలుగో కారణం. నోరు మూసినప్పుడు టకటక చప్పుడు మైకులో పడకుండా పై అంచుకి తోలో, ఫెల్టు గుడ్డో అంటిస్తారు. నీకు ముందున్నవాళ్లు పాతది తియ్యకుండా దాని మీదే ఇంకోటి అంటించి ఉంటారు. టార్చి వేసి లోపలికి చూడు.

చింటూగాడి_బాస్
కరెక్టు! ఫెల్టు మీద ఫెల్టు, దాని మీద రెక్సిన్ ముక్క. బంక గడ్డకట్టి ఉంది.

కొండపల్లి_అల్లుడు
అంతా గీకెయ్. కొత్తగా రెండు మిల్లీమీటర్ల ఫెల్టు ఒకే వరస, లేదంటే కళ్లద్దాలు తుడిచే పల్చటి తోలు. దవడ మొత్తం పొడవునా వద్దు, రెండు మూలల్లో చిన్న ముక్కలు చాలు. అప్పుడు ముందు పెదవి దగ్గర గీతలా మూసుకుంటుంది.

రబ్బరు కూడా తీసెయ్. మన ఎండలకి, డిక్కీలో పెట్టే పెట్టెలకి రబ్బరు బ్యాండు రెండు నెలలు కూడా ఆగదు, జిగురుగా కరిగిపోతుంది. సన్నటి సాగే స్ప్రింగు పెట్టు. బాల్‌పెన్ను స్ప్రింగు నొక్కుడు స్ప్రింగు, అది ఇక్కడికి రాదు. మీట నొక్కినప్పుడు బొటనవేలికి లాగుడు లైటుగా తెలియాలి, అంతే. గట్టి స్ప్రింగు పెడితే పావుగంటకి వేలు తిమ్మిరెక్కి మాటకీ నోటికీ పొంతన పోతుంది.

హాఫ్‌టికెట్
ఇరుసుకి కొబ్బరినూనె వెయ్యొచ్చా? మా వీధిలో తలుపులకి అదే.

కొయ్యతల
తలుపు పాటలు పాడదు కదయ్యా. నూనెకి దుమ్ము పట్టి ముద్దవుతుంది. కొయ్య తలైతే నూనె పీల్చుకుని ఉబ్బుతుంది కూడా. పెన్సిలు ముల్లు నూరిన పొడి వెయ్, లేదా కొవ్వొత్తి రుద్దు. ఇత్తడి గొట్టంలో ఇనుప ఇరుసు ఉంటే మాత్రం కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క.

ఏలూరు_రంగులు
ఇంత విప్పినవాడివి రంగు కూడా కొట్టించు. పాత బొమ్మల మొహాలు స్టేజి లైట్ల కింద జిడ్డుగా మెరుస్తాయి, ఎందుకంటే అందరూ తలుపులకి వేసే ఎనామెల్ పూసేస్తారు. మ్యాట్ అక్రిలిక్ వేసి పైన మ్యాట్ వార్నిష్ ఒక చేయి వెయ్యాలి. ఎల్‌ఈడీ లైట్లలో బుగ్గల ఎరుపు చచ్చిపోయినట్టు కనబడుతుంది, ఇంట్లో అనుకున్నదానికంటే కాస్త ఎక్కువే వెయ్.

కొయ్యతల
దీనికి నేను ఒప్పుకోను. మొహం మీద గీతలు, కాస్త వెలిసిన రంగు పదో వరసకి కనబడవు. మళ్లీ రంగు వేసిన ప్రతిసారీ ఒక పొర పెరుగుతుంది, ఆ పొర దవడ పక్క సందులోకి దిగుతుంది. ఒక్కో పక్క ఒక మిల్లీమీటరు ఖాళీ ఉండాల్సింది అర అవుతుంది, తర్వాత వానాకాలంలో పట్టేస్తుంది. కదిలేవి కొత్తగా ఉండాలి, కదలనివి పాతవైనా పర్లేదు. ముంబైలో రామ్‌దాస్ పాధ్యే ఆడించే అర్ధవటరావు బొమ్మ వాళ్ల నాన్నగారి కాలం నాటిది, వందేళ్లు దాటింది. దాన్ని చూసి ఎవరైనా పాతబడింది అంటారా?

ఏలూరు_రంగులు
అది అర్ధవటరావు, ఇది చింటూ. దాన్ని పేరు చూసి చూస్తారు, దీన్ని మొహం చూసి చూస్తారు. పొర పెరుగుతుందన్నది మాత్రం నిజమే. అందుకే పాత రంగు గీకకుండా కొత్తది వెయ్యకూడదు. దవడ విప్పి వేరుగా పెట్టి వెయ్యాలి, పక్క గోడలకీ అంచులకీ అసలు బ్రష్ తగలకూడదు, అక్కడ మాస్కింగ్ టేపు వేసుకోవాలి.

కొండపల్లి_అల్లుడు
మధ్యలో ఒక మాట. ఎవరైనా తేలికగా ఉంటుందని తెల్లపొణికి కర్రతో తల చేయించుకుంటే, కొండపల్లి బొమ్మల కర్ర అదే, ఇరుసు రంధ్రం త్వరగా అరిగి వదులవుతుంది. కర్ర అంత మెత్తన. మొదట్లోనే రంధ్రంలో ఇత్తడి గొట్టం ముక్క ఆరల్డైట్‌తో దిగగొట్టించాలి, రెండు ట్యూబుల్లోంచీ సమానంగా కలిపి, రాత్రంతా ముట్టుకోకుండా వదిలెయ్యాలి. పగుళ్లు పూడ్చడానికి మక్కు బాగుంటుంది, చింతగింజల పొడి ముద్దలో రంపపు పొట్టు కలిపి చేసేది. కానీ కదలని చోటే. దవడ దగ్గర మక్కు పెడితే రాలిపోయి సందులో పడుతుంది.

చింటూగాడి_బాస్
ఫైబర్‌కి ఇరుసు దగ్గర సన్నటి పగులు ఉంది, అది కూడా ఆరల్డైట్ చాలా?

కొండపల్లి_అల్లుడు
పగులు కొసల్లో రెండు సన్నటి రంధ్రాలు వేస్తే అది ముందుకు పాకదు. ఆ తర్వాత లోపలి వైపు నుంచి ఆరల్డైట్‌లో ముంచిన పల్చటి కాటన్ గుడ్డ పట్టీ అంటించు. బయట నుంచి ఎంసీల్ కొట్టేస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ బరువు మొయ్యదు.

ఓరుగల్లు_గొంతు
స్పాంజి బొమ్మ ముచ్చట చెప్పుర్రి. నా లెక్కల అది పారేసుడే. వేలితో నొక్కి చూడు, పసుపు పొడి రాలుతున్నదా? రాలితే ఫోమ్ చచ్చిపోయినట్టే, దానికి మందు లేదు. ఎండ, చెమట, డిక్కీ వేడి, ఈ మూడూ తింటయ్ దాన్ని. పై గుడ్డ మంచిగుంటే ఒలుచుకొని కొత్త ఫోమ్ మీద తొడుగు. అతికేటప్పుడు తెల్ల ఫెవికాల్ కాదు, అది ఎండినంక గట్టిగై నోరు తిరగది. ఫెవికాల్ ఎస్ఆర్, రెండు దిక్కులా పల్చగ పూసి, పది పదిహేను నిమిషాలు ఆగి, చేతికి అంటీ అంటనట్టు అయినంక కలుపు. ఒకసారి అంటిందా, జరపరాదు.

చింటూగాడి_బాస్
పొడి రాలుతోంది అన్నా.

ఓరుగల్లు_గొంతు
గుడ్డ ఒలుచుకో, మిగిలింది చెత్తబుట్టల ఏసెయ్.

హాఫ్‌టికెట్
చింటూకి తమ్ముడు పోయాడు.

పెట్టెసర్దుడు
దాన్ని నాఫ్తలీన్ ఉండలతో పెట్టావా? బట్టలకి పెట్టే అలవాటులో బొమ్మలకీ పెట్టేస్తారు. నాఫ్తలీన్ ఆవిరికి థర్మకోల్ కరిగినట్టు గుంటలు పడుతుంది, కొన్ని ప్లాస్టిక్కులు మెత్తబడతాయి. పురుగులకి ఎండిన వేపాకు గుడ్డ సంచిలో కట్టి పెట్టు, తేమకి సిలికా జెల్ పొట్లాలు. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే మళ్లీ వేడిచేసి ఆరబెట్టుకోవచ్చు. తలని ప్లాస్టిక్ కవరులో చుట్టకు, లోపల చెమట నిలిచిపోతుంది. పాత కాటన్ పంచె మంచిది. తల విడదీసి, నోరు మూసి ఉన్న స్థితిలో, తాడు వదులుగా. ఆరు నెలలు నోరు తెరిచి పెడితే స్ప్రింగు అలాగే సాగిపోయి ఉండిపోతుంది.

తోలుబొమ్మ_గూటం
తోలుబొమ్మలాటలోనూ ఇదే లెక్క. రాముడి బొమ్మ తరాలు నిలుస్తుంది, బంగారక్క, కేతిగాడు, జుట్టుపోలిగాడు ముందు అరిగిపోతాయి. నవ్వించేవాళ్లే ఎక్కువ గెంతాలి, ఎక్కువ కొట్టుకోవాలి. చేతి కీలు దగ్గర దారం ముడి తిరిగి తిరిగి తోలు రంధ్రం పెద్దదవుతుంది. రంధ్రానికి రెండు వైపులా చిన్న తోలు బిళ్ల పెట్టి ముడి వేస్తే ఆ బిళ్ల అరుగుతుంది, బొమ్మ కాదు.

కొయ్యతల
ఆ బిళ్ల ఆలోచన బాగుంది. మా కొయ్యబొమ్మల భుజాలకీ పనికొస్తుంది.

సౌండుపెట్టె_సత్తి
మైకుల సంగతి నేను చెప్తా. ఏ మైకు అది?

చింటూగాడి_బాస్
షూర్ ఎస్ఎం58. జాలీ సొట్టపడింది, మాట మూగగా వస్తోంది. వైర్లు మూడు, అందులో ఒకటి కదిపితే గరగర.

సౌండుపెట్టె_సత్తి
మూగగా వస్తే ముందు మైకుని అనుమానించకు. జాలీని మర విప్పినట్టు తిప్పితే ఊడుతుంది. లోపల స్పాంజి ఉంటుంది, ఏళ్ల తరబడి తుంపర పట్టి గట్టిపడి ఉంటుంది. కొద్దిగా సబ్బు కలిపిన నీళ్లలో జాలీతో సహా ఉతుకు, బాగా పిండి, నీడలో పూర్తిగా ఆరాకే బిగించు. మైకు బాడీకి నీళ్లు తగలకూడదు. సొట్టని లోపల నుంచి గుండ్రటి చెంచా కాడతో మెల్లగా నొక్కు, లేదా జాలీ విడిగా కొనుక్కో.

గరగర వైరు నూటికి తొంభై కొసల దగ్గరే పోతుంది, మధ్యలో కాదు. మల్టీమీటరు కంటిన్యుటీలో (వైరు కలిసి ఉంటే బీప్ కొట్టేది) పెట్టి, రెండు కొసల పిన్నులు ఒకటికి ఒకటి, రెండుకి రెండు, మూడుకి మూడు చూడు, చూస్తూ కొస దగ్గర వైరుని వంచు. బీప్ ఆగిన చోట జబ్బు. రెండంగుళాలు కత్తిరించి మళ్లీ టంకం వెయ్: ఒకటి ఎర్తు, రెండు ప్లస్, మూడు మైనస్. లోపల వైరుని పట్టుకునే బిగింపు ఉంటుంది, అది వదిలేసి టంకం మీదే బరువు పడేలా బిగించేవాళ్ల వల్లే ఇన్ని వైర్లు చస్తున్నాయి.

ఓరుగల్లు_గొంతు
సత్తి అన్నా, మీ సౌండోళ్ల మీద ఒక కంప్లైంటు. మిమిక్రీల రైలు, హెలికాప్టరు, పులి, భారీ గొంతులు ఇవన్నీ మైకుకి రెండు మూడు సెంటీమీటర్ల దగ్గర చేస్తేనే బేస్ వస్తది. మీరు లో కట్ నొక్కి పెడ్తరు, రైలు కాస్త కుక్కర్ అయితది.

సౌండుపెట్టె_సత్తి
లో కట్ 80, 100 హెర్ట్జ్ కింద కోస్తుంది, అది లేకపోతే స్టేజి మీద అడుగుల చప్పుడు, గాలి, ప, బ అన్నప్పుడు వచ్చే గుద్దుడు అన్నీ బాక్సుల్లోకి వెళ్తాయి. పండగ పందిళ్లలో చెక్క స్టేజీలు డప్పుల్లాంటివి. మరీ అంతగా కావాలంటే మైకు వైరుని రెండు ఛానెళ్లకి ఇద్దాం, ఒకటి లో కట్‌తో మాటలకి, ఒకటి లేకుండా శబ్దాలకి. ఏ ఐటమ్‌కి ఏది తెరవాలో కాగితం మీద రాసి ఇవ్వండి. "నేను సైగ చేస్తా" అంటే కుదరదు, ఆ టైముకి ఎవడో వచ్చి సెల్ఫీ అడుగుతుంటాడు.

ఇంకోటి. జాలీని గుప్పిట్లో మూసి పట్టుకోకండి. అలా మూస్తే మైకు ముందువైపే వినే గుణం పోయి అన్నివైపుల నుంచీ వింటుంది, వెంటనే కూత. ఎస్ఎం58 సరిగ్గా వెనక వైపు అతి తక్కువ వింటుంది, మానిటరు బాక్సు అక్కడే ఉండాలి, పక్కకి కాదు.

ఓరుగల్లు_గొంతు
కాగితం రాసిస్త. డిసెంబర్ 28న నేరెళ్ల వేణుమాధవ్ గారి జయంతికి మా ఓరుగల్లుల ప్రోగ్రాం ఉంటే నువ్వే రావాలె.

సౌండుపెట్టె_సత్తి
అడ్వాన్సు పంపు.

టోపీలో_పిల్లి
ట్రాకుల సంగతి కూడా చెప్పు సత్తీ. ల్యాప్‌టాప్ నుంచి ఇస్తే మ్యూజిక్ వస్తుంది గానీ మధ్యలో గొంతు మాయం.

సౌండుపెట్టె_సత్తి
స్టీరియో పిన్నుని నేరుగా మైకు ఛానెల్ లాంటి బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో పెట్టారు. అది ఎడమ, కుడిల తేడానే తీసుకుంటుంది, రెండింట్లోనూ సమానంగా ఉన్న గొంతు కొట్టేసుకుపోతుంది. ఒక చిన్న పిన్ను నుంచి రెండు పెద్ద మోనో పిన్నులుగా చీలే వైరు తెచ్చుకోండి, రెండు ఛానెళ్లకి ఇవ్వండి. "బుయ్" అని హమ్ వస్తే ల్యాప్‌టాప్ ఛార్జరు పీకండి. ఫోనులోంచి ఇస్తే ఫ్లైట్ మోడ్. పెన్‌డ్రైవు ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసి, ఫైళ్లకి 01, 02 అని ముందు అంకెలు పెట్టండి, పాత మిక్సర్లు పేర్లు చూపించవు.

హాఫ్‌టికెట్
బొమ్మకి మైకు ఎక్కడ పెడతారు? కాలర్ మైకా?

కొయ్యతల
కాలర్ మైకు బొమ్మ బట్టలకి రాసుకుని గరగరలాడుతుంది. చెంప పక్కన ఆగే హెడ్‌సెట్ మంచిది, లేదంటే స్టాండు మీద మైకు, నీ గడ్డానికి కాస్త కింద. కొందరు చేతిలో మైకు పట్టుకుని దాంతో పెదాలు కప్పేసుకుంటారు, అది వెంట్రిలాక్విజం కాదు, మొహమాటం.

టోపీలో_పిల్లి
కానీ ఇప్పుడు ప్రతి పెద్ద ప్రోగ్రాంలో ఎల్‌ఈడీ తెర. కెమెరావాడు మొహం మీదకి జూమ్ చేస్తే ఎంతటివాడికైనా పెదవి కదిలింది కనబడుతుంది. పైగా తెర మీద దృశ్యం కాస్త ఆలస్యంగా వస్తుంది, దవడకీ మాటకీ పొంతన ఉండదు. బొమ్మ ఐటమ్‌కి ఇద్దరూ నడుము దాకా కనబడే వెడల్పు షాట్ కదపకుండా పెట్టమని ముందే చెప్పుకోవాలి.

పెదవికదలదు
పెదాల మాట వచ్చింది కాబట్టి. తెలుగులో చిక్కు ప, ఫ, బ, భ, మ, వ. పకి త, బకి ద, మకి న నాలుకతో కొట్టి మెత్తగా వదిలితే చెవి సర్దుకుంటుంది, అదీ పక్క మాటల సాయం ఉంటేనే. "మీరు ఎక్కడి నుంచి" అన్నది "నీరు ఎక్కడి నుంచి" అయినా జనం మీరు అనే వింటారు. జోకు మొత్తం నిలబడే మాటలో మాత్రం ఈ అక్షరాలు ఉండకూడదు. "అప్పడం" మీద జోకు పెట్టి "అత్తడం" అంటే గోవిందా.

వకి మనకో వరం ఉంది. బొమ్మని పల్లెటూరివాణ్ని చెయ్యి: ఎళ్తా, ఎనక, ఇను. కరీంనగర్ వైపు యాస పెడితే అస్త, అచ్చిండు. వ ఎగిరిపోయినా అది యాసే. "కష్టం", "అన్నం" లాంటి వాటిలో చివరి సున్నాని ముక్కులోకి మింగెయ్యొచ్చు, మామూలుగా మనం మాట్లాడేదీ అంతే. కానీ గుంపు, పంపు, తంబి వద్దు, అక్కడ సున్నా నిజంగా మ.

అందరూ మర్చిపోయేది ఉ, ఒ. తెలుగు మాట సగం ఉకారంతో ఆగుతుంది, దానికి పెదాలు సున్నా చుడతాయి. పళ్లు దాదాపు కలిపి, చిన్న నవ్వుమొహం పెట్టి, నాలుకని వెనక్కి లాగి పలకాలి. అద్దం ముందు "నాకు నీకు చెరుకు" నెమ్మదిగా, తర్వాత వేగంగా.

హాఫ్‌టికెట్
అంటే బొమ్మ పేరు "బుజ్జిబాబు" పెట్టకూడదన్నమాట.

పెదవికదలదు
పెట్టొచ్చు. ఆ పేరు నువ్వు పిలువు, బొమ్మ చేత చెప్పించకు. బొమ్మ నిన్ను ఏమని పిలుస్తుందో అదీ చూసుకో. మామ, బావ, బాబాయ్ వద్దు. అన్నా, తాతా, సార్ అయితే హాయి.

టోపీలో_పిల్లి
మ్యాజిక్ సామానుకి వద్దాం. చింటూ బాస్, ఏమేం ఉన్నాయి?

చింటూగాడి_బాస్
లోటా (ఖాళీ చేసినా మళ్లీ మళ్లీ నీళ్లు వచ్చే చెంబు), విరిగే విసనకర్ర, రంగులు మారే సంచి, సిల్కు రుమాళ్లు, తాళ్లు, స్పాంజి బంతులు. లోటాలో నీళ్లు రెండోసారి సరిగ్గా రావట్లేదు.

టోపీలో_పిల్లి
లోటాలో బోరు నీళ్లు పోసి అలాగే పెట్టెలో పెట్టేస్తే సున్నం కట్టి సన్న దారి మూసుకుపోతుంది. ఇత్తడిదైతే చింతపండు గుజ్జు పల్చగా కలిపి రాత్రంతా పోసి ఉంచి, పొద్దున గోరువెచ్చటి నీళ్లు మూడు నాలుగుసార్లు తిప్పి పారబొయ్. రేకుదైతే తుప్పు, మార్చెయ్యడమే. ఆట అయ్యాక బోర్లించి ఆరబెట్టాలి. అసలు ఆ లోపల దారి ఎలా ఉంటుందంటే, పక్కన ఉన్న...

తెరవెనక
అక్కడే ఆపండి మాస్టారు. ఇది ఎవరైనా చదివే చోటు. పి.సి. సర్కార్ "వాటర్ ఆఫ్ ఇండియా" అని ప్రపంచమంతా తిప్పిన ఐటమ్‌ని మనం ఇక్కడ బోరు నీళ్ల పక్కన విప్పి పెట్టొద్దు.

టోపీలో_పిల్లి
సరే సరే. శుభ్రం చెయ్యడం వరకే. విసనకర్ర విషయంలో, పాడయ్యేది ఆకులు కాదు, వాటిని కలిపే రిబ్బను. చిట్లిన రిబ్బను మీద టేపు వేస్తే అసలు పని చెయ్యదు, మొత్తం కొత్త రిబ్బను పాత కొలతకే కుట్టాలి. రుమాళ్లు షాంపూతో చల్లటి నీళ్లలో ఉతికి, కొంచెం తడి ఉండగానే తక్కువ వేడి ఇస్త్రీ. నలిగిన సిల్కు గుప్పిట్లో రెట్టింపు చోటు తింటుంది. స్పాంజి బంతులు పాతబడితే మూత లేని గిన్నెలో నీళ్ల ఆవిరి చూపిస్తే ఉబ్బుతాయి, కానీ పొడి రాలితే అవీ చింటూ తమ్ముడి దారే.

ఏలూరు_రంగులు
విగ్గులూ చెప్పండి ఎవరైనా. సింథటిక్ విగ్గుకి హెయిర్ డ్రయ్యరు పెట్టొద్దు, కొసలు ముడుచుకుని కొబ్బరిపీచు అవుతాయి. చల్లటి నీళ్లు, షాంపూ, తువ్వాల్లో ఒత్తి, బోర్లించిన చెంబు మీద ఆరబెట్టు. అంటించుడు మీసాల వెనక స్పిరిట్ గమ్ పొర పేరుకుంటే మళ్లీ అంటదు, ఆల్కహాల్ అద్దిన దూదితో ప్రతిసారీ తుడవాలి. చర్మం మీద గమ్‌కి కొబ్బరినూనె చాలు, కానీ మీసానికి నూనె తగిలితే దాని పని ఐపోయినట్టే.

పెట్టెసర్దుడు
పెట్టె మూత లోపల సామాన్ల చీటీ అంటించండి. ఎక్కించేటప్పుడు కాదు, ప్రోగ్రాం అయ్యాక దించేటప్పుడు దాన్ని చదవాలి. సామాను పోయేది అప్పుడే. రిపేరు సంచి విడిగా చేతిలో ఉండాలి, డిక్కీ అడుగున కాదు: 25 వాట్ల టంకం కడ్డీ, మల్టీమీటరు, అల్లిక దారం, ఒక స్ప్రింగు, పిన్నీసులు, సూది దారం, కొత్త సెల్లులు, గాఫర్ టేపు. గోధుమరంగు పార్శిల్ టేపుతో స్టేజి మీద వైర్లు అంటిస్తే ఎండకి జిగురు వైరుకే ఉండిపోతుంది.

బొమ్మ చొక్కా వెనక వెల్క్రో ఉంటే తీసేసి టిచ్ బటన్లు కుట్టించు. చెయ్యి దూర్చేటప్పుడు వెల్క్రో చప్పుడు మైకులో చొక్కా చిరిగినట్టు వినిపిస్తుంది.

సౌండుపెట్టె_సత్తి
మల్టీమీటరు మాట వచ్చింది కాబట్టి పందిళ్ల కరెంటు. ఏదైనా పెట్టే ముందు ప్లగ్గులో వోల్టేజి చూడండి. 230 అటూ ఇటూ ఉండాలి. 250 దాటితే పెట్టకండి, కమిటీవాళ్లు ఎంత తొందరపెట్టినా సరే. మూడు ఫేజుల లైను నుంచి లాగినప్పుడు న్యూట్రల్ వదులైతే ఒక ప్లగ్గులో 150, పక్క ప్లగ్గులో 300 పైన కనబడుతుంది, యాంప్లిఫయర్, ఛార్జర్లు అన్నీ ఒకేసారి పోతాయి. ప్రోగ్రాం మధ్యలో లైట్లు కొన్ని మసకబారి కొన్ని మరీ వెలిగిపోతే అదే సంగతి, వెంటనే మెయిన్ ఆపించండి. ఎర్తు లేని చోట మైకు జాలీ పెదవికి తగిలితే జిల్లుమంటుంది. అప్పుడు వైరు మైకు పక్కన పెట్టేసి వైర్లెస్ తీసుకోవడం మేలు.

డల్లాస్_గోంగూర
అమెరికా తెలుగు సంఘాల ప్రోగ్రాములకి వచ్చేవాళ్ల కోసం. స్పిరిట్ గమ్, మంట కాగితం ఏ బ్యాగులోనూ పెట్టకండి, రెండూ నిప్పు అంటుకునేవే. విడి లిథియం బ్యాటరీలు, పవర్‌బ్యాంకు చేతి బ్యాగులోనే. బొమ్మ తల కూడా చేతి బ్యాగులోనే తెచ్చుకోండి, లగేజీ విసిరేస్తారు. ఎక్స్‌రేలో స్ప్రింగులు, తీగలు కనబడి విప్పమంటారు. ఒకసారి నోరు ఆడించి చూపించండి, కానీ మాట్లాడించకండి, లైను పెరుగుతుంది.

కరెంటు ఇక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఛార్జరు మీద 100–240 అని ఉంటే పిన్ను మార్చుకుంటే చాలు.

చింటూగాడి_బాస్
మా వైర్లెస్ మైకు సెట్టు తీసుకురావచ్చా అక్కడికి?

డల్లాస్_గోంగూర
వెనక స్టిక్కరు మీద ఫ్రీక్వెన్సీ చూడు. 2020 జూలై నుంచి ఇక్కడ 617–652, 663–698 మెగాహెర్ట్జ్‌లో వైర్లెస్ మైకులు నడపకూడదు, అవి ఫోను కంపెనీలకి వెళ్లిపోయాయి. అక్కడ చవకగా దొరికే యూహెచ్ఎఫ్ సెట్లలో కొన్ని ఆ మధ్యలోనే ఉంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ సెట్టు అయితే నిషేధం లేదు గానీ హాలు నిండా వైఫై, మధ్యమధ్యలో మాట తెగుతుంది. వైరు ఎస్ఎం58 ఒకటి తెచ్చుకో, మిగతాది హాలువాళ్లే ఇస్తారు.

సౌండుపెట్టె_సత్తి
617 అని ఉన్న సెట్టు ఉంటే పడెయ్యకు, మన దగ్గరి ప్రోగ్రాములకి ఉంచుకో. సెల్లులు మాత్రం ప్రతి ప్రోగ్రాంకీ కొత్తవి. సగం వాడినవి గడియారాలకి.

చింటూగాడి_బాస్
స్టిక్కరు మీద 645 ఉంది. ఫెల్టు గీకడం అయింది, గొట్టం రేపు తెస్తా. పగులుకి రంధ్రం ఎంత సైజు డ్రిల్లు?

కొండపల్లి_అల్లుడు
ఒకటిన్నర మిల్లీమీటరు. చేత్తో తిప్పే డ్రిల్లు వాడు, కరెంటుదైతే ఫైబర్ చిట్లుతుంది. ముక్కుకి గుడ్డ కట్టుకో, ఆ పొడి మంచిది కాదు.